కార్డ్ ఇంపుగా వినిపించడానికి కాంబినేషన్ టోన్లే కారణమా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండు స్వరాలు గట్టిగా, నిలకడగా మోగుతుంటే వాటి అడుగున ఎవరూ వాయించని మూడో స్వరం ఒకటి వినిపిస్తుంది, దీన్నే కాంబినేషన్ టోన్ అంటారు. కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు. మేజర్ కార్డ్ తేటగా, మైనర్ కాస్త మసకగా ఉండటానికీ, కీబోర్డ్ కార్డ్ కంటే శుద్ధ శ్రుతిలో (స్వరాలు చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలో) పలికిన కార్డ్ ఎక్కువ కుదురుగా ఉండటానికీ ఈ మూడో స్వరాలే కారణమా?

ముందే చెప్పేస్తాను: కారణాల్లో అది చిన్నది. పొందిక పుట్టేది వేరే చోట. కాంబినేషన్ టోన్లు చేసే పని ఏమిటంటే శ్రుతిలో ఉన్న చిన్న తప్పును నాలుగైదు రెట్లు పెంచి చూపించడం. శ్రుతి సరిగ్గా ఉంటే అవి కార్డ్‌లోనే కలిసిపోతాయి. లేకపోతే అడుగున గోల చేస్తాయి. అదీ స్వరాలు పై స్థాయిలో, గట్టిగా, పెద్దగా హార్మోనిక్స్ (స్వరంతోపాటే రెండు, మూడు రెట్ల పౌనఃపున్యాల్లో మోగే అంశాలు) లేకుండా ఉన్నప్పుడే తెలుస్తుంది. రెండు ఫ్లూట్లు, రెండు ఆడగొంతులు, సైన్ టోన్లు (ఒకే పౌనఃపున్యమున్న స్వరాలు) ఇలాంటివన్నమాట.

అసలు గందరగోళం చాలావరకు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వస్తోంది. వాటిని విడదీద్దాం.

మొదటిది బీట్స్, మన భౌతికశాస్త్ర పుస్తకాల్లోని విస్పందనాలు. 440, 444 హెర్ట్జ్ కలిస్తే శబ్దం సెకనుకు 4 సార్లు పెరిగి తగ్గుతుంది. ఇక్కడ 4 హెర్ట్జ్ స్వరమేదీ పుట్టలేదు. రెండు తరంగాల కూడిక, అంతే. రెండోది లేని మూలస్వరం. 1800, 2000, 2200 హెర్ట్జ్ వినిపిస్తే మెదడు వాటిని 200 తాలూకు హార్మోనిక్స్‌గా అర్థం చేసుకుని 200 శ్రుతి ఇస్తుంది. ఇది తేడా స్వరం కాదని తేల్చే పరీక్ష చాలా సులువు: మూడింటినీ 40 హెర్ట్జ్ పైకి జరిపి 1840, 2040, 2240 చేయండి. తేడా ఇప్పటికీ 200 మాత్రమే. కానీ వినిపించే శ్రుతి 204 దగ్గరికి జరుగుతుంది. పైగా 200 చుట్టూ మంద్ర స్థాయి నాయిస్ పోసినా ఈ శ్రుతి పోదు, ఈ సంగతి 1954లో అమెరికన్ పరిశోధకుడు లిక్‌లైడర్ చూపించారు. నిజమైన తేడా స్వరమైతే ఆ నాయిస్‌లో మునిగిపోతుంది.

మూడోదే కాంబినేషన్ టోన్. ఇది కూడికతో పుట్టదు, వక్రతతో పుడుతుంది. లోపలికి వెళ్లిన కంపనానికి సరిగ్గా అనుపాతంలో స్పందించని వస్తువు ఏదైనా, అది చెవి కావచ్చు, స్పీకర్ కావచ్చు, ఆంప్లిఫయర్ కావచ్చు, కొత్త పౌనఃపున్యాలు తయారుచేస్తుంది. స్పందనలో వర్గపు పాలు ఉంటే పైస్వరంలోంచి కిందిస్వరం తీసేసిన తేడా స్వరమూ, రెండూ కలిపిన మొత్తం స్వరమూ వస్తాయి. ఘనపు పాలు ఉంటే కిందిదాన్ని రెట్టింపు చేసి పైదాన్ని తీసేసిన స్వరం వస్తుంది. దీన్ని క్యూబిక్ టోన్ అందాం. 1000, 1200 హెర్ట్జ్ తీసుకుంటే తేడా స్వరం 200, క్యూబిక్ టోన్ 800, మొత్తం స్వరం 2200.

వీటిని 18వ శతాబ్దంలోనే సంగీతజ్ఞులు పట్టుకున్నారు. జర్మనీలో సోర్గె 1740ల్లో రాశారు, ఇటలీలో వయొలిన్ విద్వాంసుడు తార్తీని 1754లో ప్రచురించారు. ‘తార్తీని స్వరాలు’ అన్న పేరు అలా వచ్చింది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీనికి కర్ణభేరి, మధ్య చెవి ఎముకల అసౌష్ఠవం కారణమన్నారు. ఇప్పుడు మనకు తెలిసిందేమిటంటే, క్యూబిక్ టోన్ ప్రధానంగా లోపలి చెవి కాక్లియాలోని బయటి రోమకణాల పని. అవి చిన్న శబ్దాల్ని పెంచి, పెద్దవాటిని నొక్కిపెడతాయి. ఆ పనిలో పుట్టే ఉపఉత్పత్తే ఇది. అది తిరిగి చెవి బయటికి కూడా వస్తుంది. పుట్టిన పిల్లలకు చేసే వినికిడి పరీక్షల్లో ఒక రకం సరిగ్గా దీన్నే కొలుస్తుంది: సుమారు 1.22 నిష్పత్తిలో రెండు స్వరాలు, 65, 55 డెసిబెల్ స్థాయిల్లో లోపలికి పంపి, చెవిలోంచి బయటికొచ్చే క్యూబిక్ టోన్‌ని మైక్‌తో పట్టుకుంటారు.

ఈ రెండు రకాల స్వభావం ఒకటి కాదు, కార్డుల విషయంలో ఇది ముఖ్యం. తేడా స్వరం వినాలంటే మూలస్వరాలు, అంటే వాయించిన రెండు స్వరాలు, బాగా గట్టిగా ఉండాలి. రెండింటినీ 10 డెసిబెల్ తగ్గిస్తే అది సిద్ధాంతం ప్రకారం 20 డెసిబెల్ పడిపోతుంది. అందుకే వాల్యూమ్ కాస్త తగ్గించగానే మాయం. క్యూబిక్ టోన్ అలా కాదు, మెల్లగా వాయించినా ఉంటుంది. నిష్పత్తి 1.1 దగ్గర మూలస్వరాలకంటే సుమారు 15–20 డెసిబెల్ తక్కువలోనే ఉంటుంది. కానీ స్వరాల మధ్య దూరం పెరిగేకొద్దీ వేగంగా నీరసిస్తుంది. కాబట్టి పక్కపక్క స్వరాల మధ్య బలం, మైనర్ థర్డ్ (1.2) దగ్గర ఫరవాలేదు, మేజర్ థర్డ్ (1.25) దగ్గర బలహీనం, పంచమం (1.5) దగ్గర దాదాపు లేనట్టే. మొత్తం స్వరాన్ని కార్డుల చర్చలో వదిలేయొచ్చు. కింది శబ్దాలు పై శబ్దాల్ని కప్పేస్తాయి కానీ పైవి కిందివాటిని అంతగా కప్పలేవు. కాబట్టి మూలస్వరాలకు పైన పుట్టింది మునిగిపోతుంది, కింద పుట్టింది బతుకుతుంది.

ఇక లెక్క చూద్దాం. శుద్ధ మేజర్ కార్డ్, అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం 4:5:6 నిష్పత్తిలో. 400, 500, 600 హెర్ట్జ్ అనుకోండి. తేడా స్వరాలు 100, 100, 200. క్యూబిక్ టోన్లు 300, 400, 200. అన్నీ 100కి గుణిజాలే. వచ్చిన కొత్త స్వరాలు షడ్జమం రెండు స్థాయిల కింద (ఒక స్థాయి కిందికి అంటే పౌనఃపున్యం సగం), ఒక స్థాయి కింద, పంచమం ఒక స్థాయి కింద, చివరికి షడ్జమమే మళ్లీ. పరాయి స్వరం ఒక్కటీ లేదు. మొదటి విలోమం (అవే స్వరాలు, అడుగున గాంధారంతో) 5:6:8 తీసుకున్నా తేడాలు 1, 3, 2. రెండో విలోమం (అడుగున పంచమంతో) 3:4:5 అయితే 1, 1, 2. అక్కడా ఇంటివాళ్లే.

ఇప్పుడు అదే కార్డ్ కీబోర్డ్ శ్రుతిలో, అంటే స్థాయిని 12 సమాన అర్ధస్వరాలుగా పంచే సమాన విభజనలో: 400, 503.97, 599.32. తేడాలు 103.97, 95.35, 199.32. ఇందాక ఒకే చోట పడిన రెండు 100లు ఇప్పుడు విడిపోయాయి. వాటి మధ్య దూరం 8.6 హెర్ట్జ్, అంటే అడుగున సెకనుకు ఎనిమిదిన్నర సార్లు గుడగుడ. గాంధారం శుద్ధ స్థానం నుంచి జరిగింది 14 సెంట్లే (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). కానీ దాని తేడా స్వరం 67 సెంట్లు ఎక్కువైంది. అటువైపు పంచమానికీ గాంధారానికీ పుట్టిన తేడా స్వరం 82 సెంట్లు తక్కువైంది. పైన ఎవరూ పట్టించుకోని తప్పు అడుగున దాదాపు అర్ధస్వరంగా మారిందన్నమాట. ఇందులో మర్మమేమీ లేదు: 500లో 4 హెర్ట్జ్ అంటే 0.8 శాతం, 100లో అదే 4 హెర్ట్జ్ అంటే 4 శాతం.

ఇదే కార్డ్‌ని ఒక స్థాయి పైన వాయిస్తే గుడగుడ 17 హెర్ట్జ్‌కి పెరిగి గరుకుగా మారుతుంది. ఒక స్థాయి కింద, 200 దగ్గర వాయిస్తే తేడా స్వరాలు 50 చుట్టూ పడతాయి, అక్కడ చెవికి పదును తక్కువ, ఇక దాదాపు ఏమీ వినిపించదు. ఫ్లూట్ జంటలో తప్పు బయటపడి, చెల్లో జంటలో దాగిపోవడం వెనక ఇదీ ఒక కారణం.

మైనర్ కార్డ్ ఇంకా ఆసక్తికరం. శుద్ధ శ్రుతిలో 10:12:15, అంటే 400, 480, 600. తేడాలు 80, 120, 200. దీన్ని పాశ్చాత్య స్వరాల పేర్లతో A మైనర్ అనుకుంటే 400 A, 480 C, 600 E. 200 అంటే ఒక స్థాయి కింది A, 120 అంటే రెండు స్థాయిల కింది C. బాగానే ఉంది. 80 మాత్రం F! కార్డ్‌లో లేని స్వరం. మూడు తేడా స్వరాల్నీ కలిపితే F, C, A: అచ్చంగా F మేజర్ కార్డ్. పైన A మైనర్, అడుగున దాని నీడగా F మేజర్. క్యూబిక్ టోన్లు 320, 360, 200. ఇక్కడ 320, 360, 400 మధ్య దూరాలు నలభై చొప్పున. ఆ ప్రాంతంలో చెవి ఒకే పట్టీగా వినే వెడల్పు సుమారు 100 హెర్ట్జ్. అంటే ఇవన్నీ ఒకదాన్నొకటి రాపిడి చేసే దూరంలోనే ఉన్నాయి. శ్రుతి ఎంత శుద్ధంగా ఉన్నా ఈ మసక పోదు. స్వరాల్ని దూరంగా విడదీస్తే బాగుపడుతుందనుకుంటారు కానీ ఎప్పుడూ కాదు. 400, 600, 960గా పరిస్తే తేడాలు 200, 360, 560. ఇందులో 360, 560 రెండూ కార్డ్‌కి పరాయివే. మేజర్‌ని అలాగే 2:3:5గా పరిస్తే తేడాలు 1, 2, 3, అన్నీ ఇంట్లోవే.

ఇంత చక్కగా లెక్క కుదిరింది కదా, మరి ఇదే అసలు కారణమని ఎందుకు అనకూడదు? 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ మనస్తత్వవేత్త ఫెలిక్స్ క్రూగర్ సరిగ్గా అదే అన్నారు, పొందిక మొత్తాన్నీ తేడా స్వరాలతో వివరించబోయారు. అది నిలవలేదు. ఒకటి, వాద్యాల స్వరాల్లో హార్మోనిక్స్ ముందే ఉంటాయి. కీబోర్డ్ పంచమంలో 400 తాలూకు మూడో హార్మోనిక్ 1200, 599.32 తాలూకు రెండోది 1198.64. వాటి మధ్య 1.36 బీట్స్. తేడా స్వరానికీ క్యూబిక్ టోన్‌కీ మధ్య చూస్తే 199.32, 200.68, మళ్లీ అదే 1.36! కాంబినేషన్ టోన్ చెప్పే కబురు హార్మోనిక్స్ ఇంకా గట్టిగా ముందే చెప్పేశాయి. 1965లో పరిశోధకులు ప్లాంప్, లెవెల్ట్ చూపించింది ఈ దారినే: దగ్గరదగ్గరగా పడిన అంశాల మధ్య గరుకుదనం, అది చెవి పట్టీ వెడల్పులో నాలుగో వంతు దగ్గర గరిష్ఠం.

రెండు, స్వరాల్ని చెవికొకటిగా విడదీసి హెడ్‌ఫోన్లలో పంపితే కాంబినేషన్ టోన్ పుట్టే చోటే లేదు. అయినా అర్ధస్వరం దూరంలోని జంటకీ పంచమానికీ తేడా విన్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. 2010లో మెక్‌డెర్మాట్, లెర్, ఆక్సెన్‌హామ్ చేసిన ప్రయోగాల్లో పొందికైన కార్డుల మీద ఇష్టం బీట్స్ మీది అయిష్టంతో ముడిపడి లేదని, హార్మోనిక్ వరసలో అమరిన శబ్దాల మీది ఇష్టంతో ముడిపడి ఉందని తేలింది. అంటే మొదటి వాటా హార్మోనిక్ అమరికది, తర్వాత గరుకుదనానిది, దానికి అలవాటు తోడు. కాంబినేషన్ టోన్లు వీటి తర్వాతే.

మీరే పరీక్షించి చూడండి, ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటర్ చాలు. ఒక ట్రాక్‌లో 2000 హెర్ట్జ్ సైన్ టోన్, 14 సెకన్లు, ఆంప్లిట్యూడ్ 0.3. రెండో ట్రాక్‌లో చిర్ప్ (మెల్లగా పైకి ఎక్కుతూ పోయే స్వరం): సైన్, 2100 నుంచి 2800 వరకు, లీనియర్, అదే నిడివి, అదే 0.3. మొదటిదాన్ని పూర్తిగా ఎడమకు, రెండోదాన్ని పూర్తిగా కుడికి జరపండి. హెడ్‌ఫోన్లలో కాదు, రెండు విడి స్పీకర్లలో వినాలి. కూర్చునే చోట 70–75 డెసిబెల్ ఉండేలా పెట్టండి. 80 దాటొద్దు, ఒక్కసారికి ఐదు నిమిషాలు చాలు. చిర్ప్ పైకి ఎక్కుతుంటే, దాంతోపాటు 100 నుంచి 800కి ఎక్కే సన్నని స్వరం ఒకటి, 1900 నుంచి 1200కి దిగే స్వరం ఇంకొకటి ఉంటాయి. ముందు దిగేదాని మీద చెవి పెట్టండి. మిగతావన్నీ ఎక్కుతుంటే అదొక్కటే ఎదురు నడుస్తుంది కాబట్టి సులువుగా దొరుకుతుంది. మొదటి మూడు నాలుగు సెకన్లలో బలంగా ఉండి తర్వాత సన్నగిల్లుతుంది, పైన చెప్పిన నిష్పత్తి ప్రభావమే అది.

స్థిర స్వరాలతో నిర్ధారించుకోవాలంటే 1000 ఎడమ, 1200 కుడి పెట్టి, ఎడమలోనే 804 హెర్ట్జ్ సైన్‌ని 0.01 ఆంప్లిట్యూడ్‌తో కలపండి. చెవిలో 800 పుడుతుంటే దానికీ 804కీ మధ్య సెకనుకు నాలుగు బీట్స్ వినిపిస్తాయి. వినిపించకపోతే 0.005, 0.02 మధ్య మార్చి చూడండి. రెండు స్వరాల బలం దగ్గరపడినప్పుడే బీట్స్ స్పష్టం. ఇప్పుడు 1200 ట్రాక్‌ని మ్యూట్ చేయండి. బీట్స్ ఆగిపోవాలి. ఆగకపోతే గదిలో వేరే శబ్దమేదో ఉంది.

ఇక్కడ ఎక్కువమంది పడే గోతులు చెబుతాను. అన్నిటికంటే మామూలుది క్లిప్పింగ్: 0.8 ఉన్న రెండు టోన్లను ఒకే ట్రాక్‌లో కలిపేస్తే శిఖరాలు గరిష్ఠ పరిమితి 1ని దాటి 1.6కి వెళ్లి తెగిపోతాయి. అప్పుడు 800 ఫైల్‌లోనే పుట్టేసింది, చెవి దాకా రాలేదు. రెండోది, రెండు టోన్లనూ ఒకే చిన్న స్పీకర్‌లో, ముఖ్యంగా ఫోన్ స్పీకర్‌లో పంపడం. ఆ డయాఫ్రమే పెద్ద వక్రత యంత్రం. ఫోన్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్, లిమిటర్ లాంటివి ఆన్‌లో ఉన్నా అంతే. మీ ఏర్పాటు శుభ్రంగా ఉందో లేదో తెలియాలంటే తల ఉండే చోట మైక్ పెట్టి, శిఖరాలు పూర్తి స్థాయికి 12 డెసిబెల్ దిగువన ఉండేలా రికార్డ్ చేసి, 65536 సైజుతో స్పెక్ట్రమ్ చూడండి (48000 శాంపుల్ రేటు దగ్గర ఒక్కో గడి 0.73 హెర్ట్జ్). 800 గీత మూలస్వరాలకంటే 60 డెసిబెల్ కిందుంటే నిశ్చింత. 35–40 మాత్రమే కిందుంటే మీరు విన్నది స్పీకర్ తప్పు.

దీనికి ఉల్టా పొరపాటూ ఉంది. శుభ్రమైన ఫైల్‌కి స్పెక్ట్రమ్ తీసి, 200 దగ్గర ఏమీ లేదు కాబట్టి ఇదంతా భ్రమ అనేయడం. అది పుట్టేది చెవిలో కాబట్టి ఫైల్‌లో ఉండదు. వేవ్‌ఫామ్‌లో కనిపించే 200 హెర్ట్జ్ ఉబ్బులు చూసి ‘ఇదిగో ఉంది’ అనడం కూడా తప్పే. ఆ ఉబ్బు కూడిక ఆకారం, ఆ పౌనఃపున్యంలో శక్తి ఏమీ లేదు.

ఇంకో చిక్కు గది. సైన్ టోన్‌కి గోడల ప్రతిఫలనాల వల్ల కొన్నిచోట్ల బలం, కొన్నిచోట్ల బోలు ఏర్పడతాయి. 1200 హెర్ట్జ్ అలపొడవు 28–29 సెంటీమీటర్లు, అంటే తల 7 సెంటీమీటర్లు జరిగినా స్వరం పడిపోవచ్చు. మూడో స్వరం వినిపించలేదని తీర్మానించే ముందు తల కొంచెం అటూ ఇటూ కదపండి.

వాయించేవాళ్లకు దీని అసలు ఉపయోగం శ్రుతి చేసుకోవడంలో ఉంది. రెండు ఫ్లూట్లు 800, 1000 దగ్గర మేజర్ థర్డ్ పట్టుకున్నాయనుకోండి. తేడా స్వరం 200 రావాలి, అది కింది స్వరానికి సరిగ్గా రెండు స్థాయిల దిగువ. ఒక టోన్ జనరేటర్‌లో 200ని చాలా మెల్లగా పెట్టండి. కింది ఫ్లూట్ కదలకూడదు, పై ఫ్లూట్ మాత్రమే సర్దుకోవాలి. పైది 1001కి వెళితే, అంటే రెండు సెంట్లయినా జరగకముందే, తేడా స్వరం 201 అయి సెకనుకో బీట్ ఇస్తుంది. మామూలు బీట్స్ శ్రుతి తప్పిందని చెబుతాయి కానీ ఎటు తప్పిందో చెప్పవు. తేడా స్వరం అది కూడా చెబుతుంది: డ్రోన్ (జనరేటర్‌లో మోగే 200) కంటే పైకి తేలితే గాంధారం, అంటే పై ఫ్లూట్ స్వరం, ఎక్కువైంది, కుంగితే తక్కువైంది. తార్తీని తన శిష్యులకు జంట తీగల మీద మూడో స్వరం విని శ్రుతి సరిచూసుకోమన్నది ఇందుకే. ఒక జాగ్రత్త: వైబ్రాటో (స్వరాన్ని ఊపుతూ పలకడం) ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. పైస్వరం 10 సెంట్లు ఊగినా తేడా స్వరం 50 సెంట్లు ఊగిపోతుంది, ఏ స్థానమూ నిలవదు. ఊదే బలం కూడా సమంగా ఉండాలి, ఒకరు మెల్లగా ఊదితే అది మాయమవుతుంది.

చివరిగా, ఇదంతా చిన్న ప్రభావం అన్న మాట వర్తించని చోటు ఒకటుంది, అది గిటార్ డిస్టార్షన్. అక్కడ వక్రత చెవిలో లేదు, ఆంప్లిఫయర్‌లో ఉంది. పుట్టిన స్వరాలు నిజంగా గాలిలో, మూలస్వరాలతో సమానమైన బలంతో వస్తాయి. 110, 164.81 హెర్ట్జ్ పవర్ కార్డ్ (షడ్జమం, పంచమం మాత్రమే) వేస్తే తేడా స్వరం 54.81, క్యూబిక్ 55.19. రెండూ కింది స్థాయి షడ్జమం మీదే పడి, సుమారు రెండున్నర సెకన్లకోసారి మాత్రమే మెల్లగా ఊగుతాయి. అందుకే అంత నిండుగా ఉంటుంది. దానికి మేజర్ థర్డ్ 138.59 చేర్చగానే అడుగున 28.6, 26.2 అనే రెండు గుడగుడలు, పైన 81.4, 112.4 లాంటివి వచ్చిపడతాయి. 112.4కీ 110కీ మధ్య సెకనుకు సుమారు 2.4 బీట్స్. బురద అనేది దీన్నే. థర్డ్ తప్పక కావాలంటే మూడు దారులున్నాయి: గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించడం, ఆ తీగను 14 సెంట్లు దించి శ్రుతి చేయడం (ఆ ఒక్క కార్డ్‌కే పనికొస్తుంది, మిగతావి చెడతాయి), లేదా ఒక్కో స్వరాన్ని విడి ట్రాక్‌లో రికార్డ్ చేసి, విడివిడిగా డిస్టార్షన్ వేసి ఆ తర్వాత కలపడం. మూడోదే మేలు. డిస్టార్షన్ దాటాక జరిగేది వట్టి కూడికే కాబట్టి స్వరాల మధ్య కొత్తవేమీ పుట్టవు. మూడు ట్రాకుల్నీ ఒకే బస్‌లోకి (ట్రాకులు కలిసే ఛానల్) పంపి ఆ బస్ మీద మళ్లీ శాచురేషన్ ప్లగిన్ (తేలికపాటి డిస్టార్షన్) పెడితే మాత్రం పడిన శ్రమంతా వృథా.